పర్యావరణ ఆరోగ్యం చదవాలంటే ఏ దారి? ఎంఎస్సీ, ఎంపీహెచ్, ఎంటెక్, డిప్లొమా, విదేశీ చదువు: ఎవరికి ఏది

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరు గుర్తుందా? ఉన్నట్టుండి జనం కళ్లు తిరిగి పడిపోయారు, ఫిట్స్ వచ్చాయి, వాంతులయ్యాయి. వన్‌టౌన్ వీధుల్లో మొదలై కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆస్పత్రికి చేరారు. చాలామంది ఒక్క రోజులోనే తేరుకుని ఇంటికెళ్లిపోయారు, కానీ ఎందుకొచ్చిందో తెలియక ఊరంతా భయపడిపోయింది.

ఆ రోజుల్లో అక్కడ ఎవరెవరు పనిచేశారో చూడండి. ఇంటింటికీ తిరిగి ఎవరికి ఎప్పుడు వచ్చింది, ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు అని అడిగినవాళ్లు కొందరు. కుళాయి నీళ్లు, కూరగాయలు, పాలు, రక్తం నమూనాలు పట్టుకెళ్లినవాళ్లు కొందరు. వాటిని పరీక్షించడానికి ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్), రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ఇంకా పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి లాంటివి. తాగునీటి పైపుల్లోకి మురుగు కలుస్తోందేమో అని చూసినవాళ్లు మరికొందరు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది, తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. జబ్బు ఒకటే, కానీ దాని వెనక పనులు నాలుగైదు, ఒక్కో పనికి ఒక్కో చదువు. నీళ్లు, గాలి, నేల మనిషి ఒంటిని ఏం చేస్తున్నాయో చూసే ఈ పనులన్నిటినీ కలిపి పర్యావరణ ఆరోగ్యం అంటారు.

"అక్కా, పర్యావరణ ఆరోగ్యం చదివి పేదవాళ్ల కోసం పనిచేయాలని ఉంది, ఏ కోర్సు మంచిది?" అని నన్ను అడిగే పిల్లలకు ముందు ఏలూరు సంగతే చెప్తాను. ఆ వారం మీరు అక్కడ ఉండి ఉంటే ఏ పని చేస్తూ ఉండాలనుకుంటారు? దీనికి జవాబు దొరికితే కోర్సు సగం తేలినట్టే.

నా సంగతి కూడా చెప్పేస్తాను, సలహా ఎటు మొగ్గుతోందో మీకు తెలియాలి కదా. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం. నాయనమ్మకు నడుం వంగిపోయి, తల పైకెత్తి మనిషి మొహం చూడాలంటే గోడ పట్టుకుని పక్కకు తిరగాల్సి వచ్చేది. నా చిన్నప్పుడు మా బోరింగు దగ్గరికి ఎవరెవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లేవాళ్లు. ఎన్నిసార్లు వచ్చారో లెక్క లేదు. ఆ నీళ్లలో ఏముందో తిరిగొచ్చి చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నేను మొదట ఎంఎస్సీ పర్యావరణ శాస్త్రం చేశాను, మూడేళ్లు నీటి నమూనాల పని చేశాను, తర్వాత ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యంలో పీజీ) చేశాను. కాబట్టి ఈ రెండింటి గురించి లోపలి సంగతులు తెలుసు. మిగతావి నాతో పనిచేసినవాళ్లను దగ్గరగా చూసి చెప్తున్నవి.

## ముందు తేల్చుకోవాల్సినవి

కాలేజీ పేరు, ర్యాంకింగు తర్వాత. మొదటిది, మీ చేతిలో ఏముంటే మీకు బాగుంటుంది. కొందరికి ల్యాబ్‌లో పిపెట్ పట్టుకుంటే రోజు ఎలా గడిచిందో తెలియదు. కొందరు నలుగురి ఇళ్లకు వెళ్లి మాట్లాడితే గానీ బతకలేరు. కొందరికి లెక్కలు, కోడ్, మ్యాపులు. కొందరికి పైపు, ట్యాంకు, పంపు. సేవ చేయాలన్న మనసు అందరిదీ ఒకటే అయినా, రోజూ ఎనిమిది గంటలు చేసే పని మీ స్వభావానికి పడకపోతే రెండేళ్లలో అలసిపోతారు.

రెండోది, చదువయ్యాక మీ జీతం ఎవరిస్తారు. దీని గురించి ఎవరూ ముందు మాట్లాడరు. కాలుష్యం చేసే కంపెనీ జీతమిస్తుందా, ప్రభుత్వమా, ప్రాజెక్టు ఫండింగా? పేద బస్తీ తరఫున మీరు ఎంత గట్టిగా మాట్లాడగలరన్నది చాలావరకు దీని మీదే ఉంటుంది.

మూడోది డబ్బు. ఫీజు ఒక్కటే కాదు, ఇంటికి మీ సంపాదన ఎప్పటిలోగా కావాలి అన్నది కూడా. నాన్న అప్పుల్లో ఉంటే, చెల్లి పెళ్లి ఉంటే, రెండేళ్లు పూర్తికాలం చదవడం చిన్న విషయం కాదు. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు, ముందే లెక్క వేసుకోవాలి అంతే.

నాలుగోది, మీ డిగ్రీ. బీఎస్సీ, బీటెక్ సివిల్, నర్సింగ్, బీడీఎస్, ఫార్మసీ, బీఏ: ఒక్కోదానికి తెరుచుకునే తలుపులు వేరు.

ఐదోది, ఊరికి ఎంత దగ్గరగా ఉండాలనుకుంటున్నారు. నెలకోసారి ఫీల్డ్‌కు వెళ్లడం వేరు, ఆ మండలంలోనే గది అద్దెకు తీసుకుని ఉండటం వేరు.

## ఒక చూపులో

| దారి | అసలు నేర్పేది | ఎవరికి తలుపు తెరిచి ఉంటుంది | కాలం | ఖర్చు | జనానికి దగ్గరతనం |
|---|---|---|---|---|---|
| ఎంఎస్సీ పర్యావరణ శాస్త్రం | నీరు, గాలి, నేల పరీక్ష. రసాయనాలు ఎలా కదులుతాయో | బీఎస్సీ వాళ్లకు | 2 ఏళ్లు | ప్రభుత్వ వర్సిటీలో తక్కువ | మధ్యస్థం |
| ఎంపీహెచ్ | జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు అన్న లెక్క. సర్వే, విధానం | చాలాచోట్ల ఏ డిగ్రీకైనా | 2 ఏళ్లు | ప్రభుత్వంలో తక్కువ, ప్రైవేటులో లక్షల్లో | ఎక్కువ |
| ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ | శుద్ధి, మురుగు, చెత్త వ్యవస్థల డిజైన్ | ఎక్కువగా సివిల్, ఆ దగ్గరి బ్రాంచీలకు | 2 ఏళ్లు | గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) ఉంటే స్టైపెండ్ | పోస్టును బట్టి |
| శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా | రోజువారీ పారిశుధ్యం, తనిఖీ, దోమల నివారణ | ఇంటర్ తర్వాత కూడా | సుమారు ఏడాది | తక్కువ | చాలా ఎక్కువ |
| విదేశీ ఎంపీహెచ్ లేదా ఎంఎస్ | ఎక్స్‌పోజర్ సైన్స్ (ఒంట్లోకి ఏది ఎంత చేరుతోందో కొలవడం), టాక్సికాలజీ (విషాల చదువు), గట్టి డేటా పని | మార్కులు, ఇంగ్లీషు, డబ్బు ఉన్నవాళ్లకు | 1 నుంచి 2 ఏళ్లు | చాలా ఎక్కువ | తిరిగొస్తేనే |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తాయి. కానీ అవి సమానం కాదు.

## ఎంఎస్సీ పర్యావరణ శాస్త్రం

ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా, ఆచార్య నాగార్జున లాంటి చోట్ల ఉంది. తెలంగాణలో సీపీజెట్, ఆంధ్రలో పీజీసెట్ రాసి వెళ్లొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేవాళ్లకు చేతి నుంచి పడేది తక్కువ. పల్లె నుంచి బీఎస్సీ చేసి వచ్చిన పిల్లలకు ఇది చేతికందే దారి, అందుకే దీన్ని తీసిపారేసే వాళ్లంటే నాకు కోపం.

బలం ఏమిటంటే, ఇది చదివినవాళ్లు నీళ్లను నమ్మరు, కొలుస్తారు. తాగునీటి భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ రెండు అంకెల మధ్య తేడా కాగితం మీద అర మిల్లీగ్రామే. కానీ ఎండాకాలంలో పొలంలో పనిచేసే మనిషి రోజుకు ఐదారు లీటర్లు తాగుతాడు. ఏసీ గదిలో కూర్చునేవాడు తాగేది అందులో సగం కూడా ఉండదు. అదే బోరు, అదే నీళ్లు, ఒంట్లోకి వెళ్లే విషం మాత్రం రెట్టింపు. ఈ లెక్క వేయడం మాకు ఎంఎస్సీలో సరిగా నేర్పలేదు, నేను తర్వాత నేర్చుకున్నాను. ఈ కోర్సు లోటు కూడా అదే: నీళ్ల సీసా దగ్గర మొదలై నీళ్ల సీసా దగ్గరే ఆగిపోతుంది. మనిషి ఒళ్లు సిలబస్‌లో ఎక్కడో ఒక యూనిట్.

ఉద్యోగాల్లో ఒక విషయం సూటిగా చెప్పాలి. ప్రైవేటులో ఎక్కువగా దొరికేది టెస్టింగ్ ల్యాబులు, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు రాసే కన్సల్టెన్సీలు. రెండోదాంట్లో జీతం పరవాలేదు, ఫీల్డ్ కూడా ఉంటుంది, కానీ ఆ నివేదికకు డబ్బిచ్చేది ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. అక్కడ నిజాయితీగా పనిచేసేవాళ్లు నాకు తెలుసు, వాళ్లు నేర్చుకున్నది కూడా చాలా ఉంది. అయినా బస్తీ తరఫున నిలబడాలని బయల్దేరిన మనిషి అక్కడ రెండు మూడేళ్లకు మించి ఉంటే లోపల ఏదో ఒకటి రాజీ పడుతుంది. కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్టు పోస్టులు, నెట్ పరీక్ష రాసి పరిశోధన కూడా ఉన్నాయి, అయితే నోటిఫికేషన్ల కోసం ఎదురుచూపు ఎక్కువ.

## ఎంపీహెచ్

నా మొగ్గు ఇటే, దాచుకోను.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) హైదరాబాద్‌లో ఉంది. బయటికి వెళ్లగలిగితే తిరువనంతపురంలో శ్రీచిత్ర వైద్య సంస్థలోని అచ్యుతమీనన్ సెంటర్, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), 1932 నుంచి ఉన్న కోల్‌కతా ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్. పర్యావరణ ఆరోగ్యం మీదే గట్టిగా పనిచేసే చోటు కావాలంటే చెన్నై శ్రీరామచంద్ర చూడండి, వంటింటి పొయ్యి పొగ, వాయు కాలుష్యం మీద అక్కడ ఏళ్ల తరబడి పని జరిగింది.

ఎంపీహెచ్ ఏం మారుస్తుందో మా జిల్లా ఉదాహరణతోనే చెప్తాను. ఫ్లోరైడ్ బోరు ఒక్కటే అయినా అందరి కాళ్లూ ఒకేలా వంకరపోలేదు. 1970ల్లో ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు నల్లగొండ పల్లెల్లో మోకాళ్లు రెండూ తగిలేలా కాళ్లు వంగిన పిల్లల్ని చూసినప్పుడు, నీళ్లతో పాటు వాళ్ల తిండి గురించి కూడా అడిగారు. పాలు, పెరుగు అందని ఇంట్లో క్యాల్షియం తక్కువ, దెబ్బ ఎక్కువ. తర్వాత ఎన్‌ఐఎన్ వాళ్లే చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని చూపించారు. చింతపండు! మా ఇంట్లో రోజూ ఉండే వస్తువు. నీళ్లు, తిండి, పేదరికం, కూలి పని అన్నీ ఒకే కాగితం మీద పెట్టి చూడటం ఎంపీహెచ్ నేర్పుతుంది. సర్వే ప్రశ్న ఎలా అడగాలి, ఎంతమందిని అడగాలి, వచ్చిన తేడా నిజమైన తేడానా కాకతాళీయమా, ఇవన్నీ ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చదవడం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) పేపర్లలో వస్తాయి.

ఇప్పుడు కష్టాలు. చాలా కాలేజీల్లో పర్యావరణ ఆరోగ్యం ఒకే ఒక పేపర్. ఆస్పత్రి నిర్వహణ, ప్రభుత్వ పథకాలు ఎక్కువ జాగా తీసుకుంటాయి. అందుకే డిసర్టేషన్ (కోర్సులో మీరు సొంతంగా చేసే పరిశోధన) మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం: అది డంప్‌యార్డు పక్క బస్తీ మీదో, క్రషర్ కూలీల ఊపిరితిత్తుల మీదో చేయగలిగితే మీ డిగ్రీ పర్యావరణ ఆరోగ్యం డిగ్రీ అవుతుంది. చేరేముందే ఆ సబ్జెక్టులో గైడ్ ఉన్నారా అని అడగండి.

ఇంకో టెన్షన్ ఉద్యోగ భద్రత. జాతీయ ఆరోగ్య మిషన్‌లో కన్సల్టెంట్లు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, దాదాపు అన్నీ కాంట్రాక్టే. ఎంబీబీఎస్ చేసి ఎంపీహెచ్ చేసినవాళ్లకు ప్రభుత్వంలో ఇచ్చే ప్రాధాన్యం, బీఎస్సీ చేసి ఎంపీహెచ్ చేసిన మనకు ఇవ్వరు. ఇది అన్యాయమే, కానీ ఉన్నదే. ప్రాజెక్టు అయిపోయినప్పుడు మూడు నాలుగు నెలలు ఖాళీగా ఉండాల్సి రావచ్చు, ఆ మేరకు చేతిలో కొంత ఉంచుకునే అలవాటు చేసుకోవాలి.

## ఎంటెక్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్

2021 నుంచి గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ అని విడిగా పేపర్ పెట్టారు. సివిల్ పేపర్ రాసినా వెళ్లొచ్చు. గ్రామీణ నీటి సరఫరా, పబ్లిక్ హెల్త్ ఇంజినీరింగ్, కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు: పర్మనెంట్ ప్రభుత్వ ఉద్యోగం అనే మాట గట్టిగా వినిపించే దారి ఇదొక్కటే. సివిల్ బీటెక్ ఉండి ఇంకేదో సేవా కోర్సు కోసం దీన్ని వదిలేయాలనుకునేవాళ్లకు నేను వద్దనే చెప్తాను. తనిఖీ చేసే అధికారం, సంతకం పెట్టే పెన్ను ఉన్న మనిషి నిజాయితీగా ఉంటే పది సర్వేలు చేయలేనిది చేస్తాడు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో నిలవ ఉన్న రసాయనం వేడెక్కింది. అక్కడ ప్రమాదాన్ని ముందే ఆపగలిగే జ్ఞానం డాక్టరుది కాదు, ఇంజినీరుది.

అయితే ఒక జాగ్రత్త. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నీరి సంస్థ తయారుచేసిన నల్లగొండ టెక్నిక్ గురించి మీరు పాఠంలో చదువుతారు: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైనీళ్లు తీసుకోవడం. చవక, సులువు. మరి ఊళ్లలో ఎందుకు నిలబడలేదు? రోజూ సరైన మోతాదులో పటిక ఎవరు కలపాలి, మడ్డి ఎక్కడ పారబోయాలి, రుచి మారితే జనం మళ్లీ పాత బోరుకే వెళ్లరా? ఈ ప్రశ్నలు డిజైన్ పేపర్లో రావు. ఎంటెక్ చేసేవాళ్లు ఒక్క సెమిస్టర్ సెలవుల్లోనైనా ఊళ్లో ఆడవాళ్లతో కూర్చుని నీళ్లు ఎలా మోస్తారో, ఎక్కడ నిలవ చేస్తారో చూసి రావాలి.

## శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా

దీన్ని చిన్న చదువు అనుకుంటారు. బస్తీలో కలరా లాంటిది మొదలైతే మొదట తెలిసేది వీళ్లకే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ప్రత్యేకంగా పోస్టే పెట్టారు. అర్హతలు నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి, చూసుకోవాలి.

ఇంటికి త్వరగా జీతం కావాల్సినవాళ్లకు ఇదే సరైనది. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత ఎంపీహెచ్: ఈ క్రమంలో వచ్చిన ఇద్దరు నాకు తెలుసు, క్లాసులో వాళ్లు అడిగే ప్రశ్నలకు ప్రొఫెసర్లు కూడా ఆగి ఆలోచించేవాళ్లు. నష్టం ఏమిటంటే పై అధికారుల ఒత్తిడి, తెల్లవారుజాము డ్యూటీలు, పైకి ఎదగడం ఆలస్యం.

## విదేశాలు

అమెరికాలో ఎంపీహెచ్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అనేది పూర్తి విభాగం, ఒక్క పేపర్ కాదు. జాన్స్ హాప్కిన్స్, ఎమరీ, మిషిగన్ లాంటి చోట్ల ఎక్స్‌పోజర్ కొలవడం, టాక్సికాలజీ, రిస్క్ అంచనా లోతుగా చెప్తారు. చాలావాటికి సోఫాస్ అనే ఒకే పోర్టల్ నుంచి అప్లై చేయొచ్చు. ఫీజు, బతుకు ఖర్చు కలిపి రెండేళ్లకు యాభై లక్షలు దాటడం మామూలే. బ్రిటన్‌లో ఏడాదిలో అయిపోతుంది కాబట్టి కొంత తక్కువ.

అప్పు చేసి వెళ్లాలనుకునేవాళ్లతో ఒక మాట. పబ్లిక్ హెల్త్ జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలు కావు. యాభై లక్షల లోను నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేయడానికి తిరిగి రాలేరు, బ్యాంకు రానివ్వదు. పేద జనం కోసం అని వెళ్లి, లోను తీర్చడానికి ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా పని చేస్తూ అక్కడే ఉండిపోయిన స్నేహితురాలు ఉంది నాకు. ఆమె తప్పేం లేదు, లెక్క ముందే వేసుకోకపోవడమే. ఓపీటీలో (చదువయ్యాక అమెరికాలో కొంతకాలం పనిచేసే అనుమతి) సైన్స్, టెక్నాలజీ కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తుందో లేదో ఆ కోర్సు కోడ్‌ను బట్టి ఉంటుంది, యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగండి.

స్కాలర్‌షిప్ వస్తే కథ వేరు. బ్రిటన్ చదువుకిచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్లు, అమెరికా చదువుకిచ్చే ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్లు పని అనుభవం అడుగుతారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు సాయం ఉంది. బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో అలాంటిదే ఉంది. అంటే డిగ్రీ అవ్వగానే పరుగెత్తకుండా ఇక్కడ రెండు మూడేళ్లు ఫీల్డ్‌లో పనిచేసి వెళ్తే డబ్బుకు డబ్బు కలిసొస్తుంది, ఏ ప్రశ్న పట్టుకుని వెళ్తున్నారో కూడా తెలిసి ఉంటుంది.

ఆ ప్రశ్న ఎలా ఉండాలంటే, ఉద్దానం లాగా. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసే మనుషులకు షుగరు, బీపీ లాంటి మామూలు కారణాలు లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇప్పటికీ తేలలేదు. ఎండలో పని, నీళ్లలో సిలికా, లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానం ఉంది. ఇలాంటిదే శ్రీలంకలో ఉంది, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీల్లో ఉంది. అక్కడ కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి టైము ప్రకారం ఇచ్చే ఏర్పాట్ల మీద పని జరిగింది. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించారు. శ్రీలంక, నికరాగువా, ఎల్ సాల్వడార్‌ల అనుభవం నేర్చుకుని ఈ మండలాలకు తెచ్చే మనిషి కావాలంటే విదేశీ చదువుకు అర్థం ఉంది.

అమెరికాలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు లెక్క మారుతుంది. 2014లో నీటి వనరు మార్చాక మిషిగన్‌లోని ఫ్లింట్ పట్టణంలో కుళాయిల్లో సీసం వచ్చింది, ఆ దెబ్బ ఎక్కువగా పడింది పేద, నల్లజాతి కుటుంబాల పిల్లల మీద. రక్త పరీక్షల లెక్కలు బయటపెట్టింది ఒక పిల్లల డాక్టరు, మోనా హన్నా అటీషా. అక్కడి కౌంటీ ఆరోగ్య శాఖల్లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ స్పెషలిస్టు ఉద్యోగం స్థిరమైనది. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్లు డిగ్రీ స్థాయిలోనే ఆ దారి పట్టొచ్చు.

## మీరు వీళ్లలో ఎవరు?

చిన్న ఊరు, బీఎస్సీ బీజడ్‌సీ, ఇంట్లో డబ్బు లేదు, రెండేళ్లు ఆగగలరు. ప్రభుత్వ వర్సిటీలో ఎంఎస్సీ చేయండి, అందులో ప్రాజెక్టును కచ్చితంగా మనుషులతో ముడిపడింది తీసుకోండి. తర్వాత రెండేళ్లు ఏదైనా ఫీల్డ్ ప్రాజెక్టు. అప్పుడు ఎంపీహెచ్ కావాలో పీహెచ్‌డీ కావాలో మీకే తెలుస్తుంది. పరిశోధన ఇష్టమైతే భోపాల్‌లోని ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌ఐఆర్‌ఈహెచ్ పూర్తిగా పర్యావరణ ఆరోగ్యం మీదే పనిచేస్తుంది. గ్యాస్ దుర్ఘటన జరిగిన ఊళ్లోనే 2010లో దాన్ని పెట్టారు. కార్మికుల ఆరోగ్యం మీద మనసుంటే అహ్మదాబాద్‌లో ఎన్‌ఐఓహెచ్ ఉంది.

బీటెక్ సివిల్. గేట్ రాయండి. ఆలోచించకండి.

నర్సింగ్, బీడీఎస్, హోమియో, ఫార్మసీ. ఎంపీహెచ్ మీకు సూటిగా సరిపోతుంది. ఒళ్లు మీకు తెలుసు, నీళ్లూ గాలీ నేర్చుకోవాలి. నా తోటి విద్యార్థుల్లో అందరికన్నా బాగా సర్వే చేసింది ఒక స్టాఫ్ నర్సు, ఆమెకు మనుషులు అబద్ధం చెప్పరు.

త్వరగా జీతం కావాలి. డిప్లొమా. సిగ్గుపడకండి, వాయిదా వేయకండి.

ఆడపిల్లలు, ఇంట్లో ఫీల్డ్ అంటే ఒప్పుకోరు. ఇది నిజమైన సమస్య, ధైర్యంగా ఉండండి అనేస్తే సరిపోదు. నేను మొదటి ఏడాది ఆశా కార్యకర్త ఇంట్లోనే ఉండి పనిచేశాను. ఊళ్లో ఆమె మాట వింటారు, నాన్న కూడా ఆమెతో ఫోన్లో మాట్లాడాక నెమ్మదించాడు. ఇంటర్వ్యూలోనే బస ఎక్కడ, రాత్రి ప్రయాణం ఉంటుందా, జట్టులో ఇంకో ఆడమనిషి ఉంటుందా అని అడగండి. నీళ్లు నములుతూ జవాబు చెప్పే సంస్థలో చేరొద్దు.

## అప్లికేషన్ పెట్టేముందు ఒక నెల

జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో ఆడవాళ్లకు ఫీల్డ్ టెస్ట్ కిట్లతో నీటి పరీక్ష నేర్పారు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో వాళ్లెవరో పంచాయతీలో కనుక్కుని ఒక రోజు వాళ్లతో తిరగండి. పరీక్ష నాళికలో రంగు మారడం చూస్తుంటే మీకు ఆసక్తిగా ఉందా, లేక ఆ నీళ్లు ఇచ్చిన ముసలమ్మ తన మోకాళ్ల గురించి చెప్తుంటే అటు చెవి పోతోందా? మొదటిదైతే ఎంఎస్సీ, రెండోదైతే ఎంపీహెచ్. వాళ్ల పైపు ఎక్కడ పగిలిందో వెతకాలనిపిస్తే మీరు ఇంజినీరు. కోచింగ్ సెంటర్ కౌన్సెలింగ్ కన్నా ఈ ఒక్క రోజు నయం.

ఉచితంగా నేర్చుకోగలిగేవి రెండు ఉన్నాయి: క్యూజీఐఎస్‌తో మ్యాపులు గీయడం, ఎక్సెల్‌లో సర్వే డేటా సర్దుకోవడం. ఏ దారిలో వెళ్లినా ఇవి కూడు పెడతాయి. స్వయం పోర్టల్‌లో పబ్లిక్ హెల్త్, పర్యావరణ కోర్సులు కూడా ఉంటాయి, ఒకటి పూర్తిచేసి చూస్తే సబ్జెక్టు మీకు పడుతుందో లేదో ఫీజు కట్టకముందే తెలుస్తుంది.

చివరిగా కాలేజీ ఎంచుకునేటప్పుడు వెబ్‌సైటు, బ్రోషర్ పక్కన పెట్టి అక్కడ చదువుతున్న సీనియర్లను పట్టుకోండి. పోయినేడాది డిసర్టేషన్లు ఏ ఊళ్లో చేశారు, ప్రయాణ ఖర్చు డిపార్ట్‌మెంట్ ఇచ్చిందా, ల్యాబ్‌లో పరికరం పనిచేస్తోందా లేక గుడ్డ కప్పి ఉందా, ఇవి అడగండి. వీటితో పాటు ఇంకోటి తప్పకుండా అడగండి: మీరు నమూనా తీసుకున్న ఇళ్లకు రిజల్టు తిరిగి వెళ్లి చెప్పారా? చెప్పాం, ఫలానా రోజు గ్రామసభలో కూర్చుని తెలుగులో చదివి వినిపించాం అన్న డిపార్ట్‌మెంట్ దొరికితే, ర్యాంకింగులో అది ఎన్నో నంబరైనా సరే, అక్కడే చేరండి.